ముందు ఎలా చూశారో చెప్పండి

ఎవరైనా ఒక టీవీ సీరియల్ గురించి "అద్భుతం" అన్నా, "దండగ" అన్నా ఆ మాట నేను వెంటనే లెక్కలోకి తీసుకోను. ఎలా చూశారని అడుగుతాను. వారం వారం ప్రకటనల మధ్య చూశారా? సెలవు పెట్టి వరసగా చూశారా? కూర కలియబెడుతూ ఒక చెవి ఇటు పడేశారా? డబ్బు పోసి డిస్కులు కొనుక్కుని చూశారా? ఈ ప్రశ్నకు చాలామంది విసుక్కుంటారు. చూడటమంటే చూడటమే కదా, అందులో రకాలేమిటంటారు. మనం అభిప్రాయం అనుకునేదాంట్లో సగం ఆ చూసిన తీరు నుంచే వస్తుందని నా నమ్మకం. మిగతా సగమే సీరియల్‌ది.

సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళకు ఈ మాట మరీ వర్తిస్తుంది. ఇంటి కథలైతే ఎక్కడ మొదలుపెట్టినా అత్త ఎవరో, కోడలు ఎవరో, ఆస్తి కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఐదు వందల ఏళ్ళ తర్వాతి లోకం అంత తేలిగ్గా లొంగదు. అక్కడ రాజ్యం ఎవరిది, ఎవరు ఎవరితో యుద్ధం చేసి ఓడిపోయారు, ఈ ఓడలో వీళ్ళంతా ఎందుకున్నారు అన్నవి ఒక వరసలో తెలియాలి. ఆ వరస తప్పించి చూపించి, ఎవరూ చూడటం లేదని మూసేసిన సీరియల్ ఒకటుంది. అదే సీరియల్ ఏడాది తిరక్కముందే డిస్కుల మీద వరస సరిచేసుకుని వచ్చి, తనను చూసేవాళ్ళను తానే పోగుచేసుకుంది. దాని పేరు 'ఫైర్‌ఫ్లై'.

అమెరికాలో ఫాక్స్ ఛానెల్ దాన్ని 2002 సెప్టెంబర్ 20న, ఒక శుక్రవారం రాత్రి మొదలుపెట్టింది. సృష్టికర్త జాస్ వీడన్. కథ జరిగేది 2517లో. అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన పోరాడిన మాల్కమ్ రేనాల్డ్స్ అనే సార్జెంట్ ఒక పాత సరుకు ఓడ కొనుక్కుంటాడు. ఓడిపోయిన లోయ పేరే దానికి పెట్టుకుంటాడు, సెరెనిటీ అని. తనతో కలిపి తొమ్మిది మంది. సక్రమమో అక్రమమో, దొరికిన పని చేసుకుంటూ పొట్టపోసుకుంటుంటారు. గ్రహాంతరవాసులు ఎక్కడా కనిపించరు. సరిహద్దు గ్రహాల మీద గుర్రాలు, పశువుల మందలు, నాటు తుపాకులు ఉంటాయి. శూన్యంలో శబ్దం పుట్టదు కాబట్టి ఓడను బయటి నుంచి చూపించినప్పుడు ఇంజిన్ మోత వినిపించదు. గిటారో, ఫిడేలో వినిపిస్తుంది.

వీడన్ మొదట తీసింది 'సెరెనిటీ' అనే పెద్ద భాగం. యుద్ధం ఓడిపోవడంతో మొదలై, ఓడలోకి ఒక్కొక్కరే ఎక్కడం, వాళ్ళలో సైమన్ అనే కుర్ర డాక్టరు ఒక పెద్ద పెట్టెను ప్రాణంలా కాపాడుకోవడం, ఆ పెట్టెలో ఏముందోనని ఓడంతా అనుమానపడటం, చివరికి మాల్ తన్ని తెరిస్తే అందులో నిద్రపుచ్చి పెట్టిన ఒక ఆడపిల్ల ఉండటం, ఇలా తాపీగా సాగుతుంది. ఛానెల్ వాళ్ళకు అది మందకొడిగా కనిపించింది. హుషారుగా ఇంకోటి కావాలన్నారు. వీడన్, టిమ్ మినియర్ కూర్చుని ఒక్క వారాంతంలో 'ది ట్రెయిన్ జాబ్' రాసిచ్చారు. జనం ముందుగా చూసింది ఆ రైలు దోపిడీనే. అసలు మొదటి భాగం డిసెంబర్ 20న, రద్దు ఖాయమైపోయాక, అన్నిటికన్నా చివర వేశారు. సైమన్ చెల్లెలు రివర్‌ను మూడు నెలలుగా చూస్తున్నవాళ్ళకు ఆ పెట్టె తెరుచుకుంటే ఏం ఉలిక్కిపాటు ఉంటుంది? పెట్టెలో ఎవరున్నారో వాళ్ళకు ముందే తెలుసు.

మధ్యలో బేస్‌బాల్ మ్యాచ్‌ల కోసం ఆపిన వారాలు వేరే. 14 భాగాలు తీస్తే 11 వేశారు. సగటున 47 లక్షల మంది చూశారని, ఆ ఏడాది కార్యక్రమాల్లో 98వ స్థానమని లెక్క తేలింది. ఆ లెక్క కట్టే నీల్సన్ సంస్థ అప్పట్లో 10 కోట్లకు పైగా టీవీ ఇళ్ళున్న దేశంలో సుమారు 5,000 ఇళ్ళలో మీటర్లు పెట్టి దేశం మొత్తం చూపును అంచనా కట్టేది. ఆ పద్ధతిని తప్పుపట్టాల్సిన పనిలేదు. అది కొలిచింది ఏమిటన్నదే చూడాలి. ఆ రాత్రి ఆ గంటలో ఆ ఇంటి టీవీ ఏ ఛానెల్ మీద ఉందో అది చెబుతుంది. నచ్చిందా, అర్థమైందా, వచ్చే వారం కోసం ఎదురుచూస్తారా అని మీటరు అడగదు. అడగని ప్రశ్నకు జవాబుగా సీరియల్‌ని ఆపేశారు.

మా బావ ఇంట్లో మీటరు లేదు గానీ, ఆ తొలి ప్రేక్షకుల్లో ఆయనా ఒకరు. అక్కావాళ్ళు అప్పటికే న్యూజెర్సీలో స్థిరపడ్డారు. బావ స్టార్ ట్రెక్ భక్తులు. కొత్త ఓడ కథ వస్తోందంటే మొదటి రాత్రే కూర్చున్నారు, రెండు వారాలు చూసి వదిలేశారు. కొన్నేళ్ళ తర్వాత నేను వాళ్ళింట్లో ఉండగా ఊరి లైబ్రరీ నుంచి ఆ నాలుగు డిస్కుల పెట్టె పట్టుకొచ్చాను. దాని అట్ట చూసి పెదవి విరిచారు.

"అదా! కౌబాయ్ కథో, రాకెట్ కథో తీసినవాళ్ళకే తేల్లేదోయ్. అందుకే పీకేశారు."

"మీరు ఎక్కణ్ణుంచి చూశారు బావా?"

"మొదట్నుంచే. రైలు దోపిడీ దగ్గర్నుంచి."

"అది రెండోది బావా."

"ఛానెల్ వాడికి తెలీదా, ఏది మొదటిదో?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పెట్టె తిప్పి వెనక అట్ట మీద అచ్చేసిన వరస చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, "అయితే నేను చూసింది ఇది కాదన్నమాట" అన్నారు. వ్యంగ్యంగానే అన్నారు గానీ అక్షరాలా నిజం.

డిస్కుల పెట్టె 2003 డిసెంబర్ 9న వచ్చింది. వీడన్ అనుకున్న వరసలో, ఫాక్స్ వేయని 'ట్రాష్', 'ది మెసేజ్', 'హార్ట్ ఆఫ్ గోల్డ్' సహా మొత్తం 14 భాగాలు. ఒక సీజన్ మొత్తాన్ని పెట్టెగా కట్టి అమ్మడం అప్పటికి ఇంకా కొత్త అలవాటే. 2000లో 'ఎక్స్-ఫైల్స్' మొదటి సీజన్ అలా వచ్చాకే మిగతావాళ్ళు ఆ దారి పట్టారు. అంతకుముందు వీడియో క్యాసెట్లలో ఒక సీజన్ దాచుకోవాలంటే అలమరలో ఒక అర ఖాళీ చేయాల్సొచ్చేది.

మన ఇళ్ళలో ఒకప్పుడు వారపత్రికల నవలలతో ఇదే పని చేసేవాళ్ళు. వారం వారం వచ్చిన పేజీలు చింపి, వరసగా పేర్చి, బైండు చేయించేవాళ్ళు. వారపత్రికలో చదివినప్పుడు గుర్తున్నది వారం చివరి కొసమెరుపు. బైండు పుస్తకంలో చదివినప్పుడు కనిపించేది కథ కట్టుబడి. అదే నవల, అదే అచ్చు. మొదటి పాఠకురాలు "వచ్చే వారం ఏమవుతుందో" అంటుంది, రెండో పాఠకురాలు "మూడో ప్రకరణంలోనే చెప్పేశాడు చూడు" అంటుంది. డిస్కు మీద చూసినవాళ్ళ మాటల్లో రెండోరకం ధోరణి ఎక్కువ. వాళ్ళు ప్రేక్షకుల్లా మాట్లాడరు, చదువరుల్లా మాట్లాడతారు.

'అవుట్ ఆఫ్ గ్యాస్' అనే భాగాన్ని దగ్గర్నుంచి చూస్తే ఇది తెలుస్తుంది. మాల్ ఒంటరిగా, నెత్తురోడుతూ తన ఓడ నేల మీద కుప్పకూలడంతో మొదలవుతుంది. ఎక్కడా అలికిడి లేదు. అక్కడి నుంచి కథ మూడు కాలాల్లో నడుస్తుంది: ఇప్పుడు పాకుతూ ఇంజిన్ గది వైపు పోతున్న మాల్, కొన్ని గంటల ముందు ఓడలో మంటలు లేచి గాలి తరిగిపోతున్న వేళ, కొన్నేళ్ళ ముందు ఈ మనుషులు ఒక్కొక్కరే ఈ ఓడకు ఎలా చేరారన్న జ్ఞాపకాలు. ఓడలోని మొగుడూపెళ్ళాల్లో జోయికి మొదట్లో వాష్ అంటే పడేది కాదు. అతని మీసం చూసి నవ్వొస్తుంది. కేలీ ఓడకు ఇంజినీరుగా రాలేదు, అప్పటి ఇంజినీరుతో సరసానికి వచ్చిన పల్లెటూరి పిల్ల. ఇంజిన్‌లో లోపం ఏమిటో పడుకున్నచోటు నుంచే చూసి చెప్పేసింది, ఉద్యోగం కొట్టేసింది. చివర్లో పాత ఓడలు అమ్మే అడ్డా. అమ్మకందారు ఒక ఓడను తెగ పొగుడుతుంటాడు. మాల్ అతని మాట వింటున్నట్టే ఉండి, చూపు పక్కకు పోతుంది. దుమ్ములో ఓ మూలన సెరెనిటీ నిలబడి ఉంటుంది. అంతే, భాగం అయిపోతుంది.

ఫాక్స్ దాన్ని అక్టోబర్ 25న, ఐదో భాగంగా వేసింది. డిస్కుల మీద అది ఎనిమిదోది. మూడు భాగాల తేడా ఏముందిలే అనిపిస్తుంది. టీవీలో చూసినవాళ్ళకు అప్పటికి వాష్, జోయి మొగుడూపెళ్ళాలన్న సంగతి ఇంకా ఒంటబట్టలేదు. ఓడలోకి సైమన్, రివర్, పాస్టర్ బుక్ ఎక్కిన రోజునే వాళ్ళు చూడలేదు. పరిచయమే కానివాళ్ళ పాత జ్ఞాపకాలు మనకెందుకు? ఏడు భాగాలు వాళ్ళతో ఉండి, వాళ్ళ భోజనాల బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాడికి ఆ మీసం ఒక కానుక. టీవీ ప్రేక్షకుడు "గందరగోళం" అన్నాడు, డిస్కు ప్రేక్షకుడు "అన్నిట్లోకీ ఇదే మేలు" అన్నాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు.

డిస్కుల మీద ఇంకో వస్తువు ఉంటుంది, టీవీలో దొరకనిది. తీసినవాళ్ళు దృశ్యం నడుస్తుండగానే పక్కన కూర్చుని చెప్పినట్టు చెప్పే వ్యాఖ్యానం. ఆఖరి భాగం 'ఆబ్జెక్ట్స్ ఇన్ స్పేస్'లో రివర్ ఓడలో చెప్పుల్లేకుండా నడుస్తుంటుంది. సరుకు గది నేలంతా రాలిన ఆకులు. వంగి ఒక ఎండుపుల్ల తీసుకుంటుంది. అందరూ హడలిపోతారు. ఆమె చేతిలో ఉన్నది గుళ్ళు నింపిన తుపాకీ. మొదటిసారి చూస్తే పిచ్చిపిల్ల భ్రమ అనుకుంటాం. వీడన్ తన వ్యాఖ్యానంలో చిన్నతనంలో సార్త్ర రాసిన 'నాసియా' చదవడం తన మీద ఎలా పనిచేసిందో చెబుతాడు. వస్తువుకు తనంతట తనకు అర్థం ఉండదు, దానికి అర్థం మనం తగిలిస్తాం అన్న ఆలోచన చుట్టూ ఈ భాగాన్ని అల్లానంటాడు. అది విన్నాక మళ్ళీ వేసి చూస్తే ఆ ఎండుపుల్ల ఇంకోలా కనిపిస్తుంది. చూసినవాడి అభిప్రాయం మారింది. మరి అది అతని అభిప్రాయమేనా, వీడన్ చెవిలో ఊదినదా? ఈ అనుమానం నన్ను ఇప్పటికీ వదల్లేదు. డిస్కు చదువరిని తయారుచేస్తుందన్నాను గదా, ఆ చదువరికి ఉపాధ్యాయుణ్ణి కూడా అదే పెట్టెలో పెట్టి పంపిస్తుంది.

ఇక చూసే వస్తువు చేతికొచ్చాక అభిప్రాయాలు కథను దాటి బొమ్మ మీదికి పోతాయి. సైన్స్ ఫిక్షన్ అభిమానుల్లో ఈ తగాదాలు కులగొడవలంత తీవ్రంగా ఉంటాయి. 'బాబిలోన్ 5' సంగతే చూడండి. నటులున్న దృశ్యాలను రాబోయే వెడల్పు తెరలకు పనికొచ్చేలా ఫిల్మ్ మీద తీశారు. కంప్యూటర్లో చేసిన ఓడలు, యుద్ధాలు మాత్రం అప్పటి చదరపు టీవీ కొలతకే చేశారు. డిస్కులు వెడల్పు తెర కొలతలో వచ్చేసరికి ఆ ఓడల దృశ్యాల పైనా కిందా కోసి, సాగదీసి అతికించాల్సొచ్చింది. మనిషి మాట్లాడుతుంటే నున్నగా ఉన్న బొమ్మ, ఓడ రాగానే మసకబారేది. కొన్నవాళ్ళు ఏళ్ళ తరబడి సణిగారు. చివరికి 2023 డిసెంబర్‌లో వచ్చిన బ్లూ-రే పెట్టెలో సీరియల్ మొత్తం మళ్ళీ పాత చదరపు కొలతకే చేరింది. సణుగుడుకు ఫలితం రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' వాళ్ళు ఇంకా పెద్ద సాహసం చేశారు. దాన్ని 35 ఎం.ఎం. ఫిల్మ్ మీదే తీసినా ఎడిటింగు, ఎఫెక్టులు కలపడం అన్నీ వీడియో టేపు మీద జరిగాయి. 2012 నుంచి 2014 దాకా ఏడు సీజన్లకూ గోడౌన్లలోని నెగెటివ్‌లు వెతికి తీసి, మళ్ళీ మొదట్నుంచీ కత్తిరించి, ఎఫెక్టులను తిరిగి కలిపారు. ఇంత చేసినా కొనేవాళ్ళు ఊరుకున్నారా? మొదటి సీజన్లో కొన్ని భాగాల్లో శబ్దం ఛానెళ్ళు తారుమారయ్యాయని పట్టుకున్నారు, కొత్త డిస్కులు పంపాల్సొచ్చింది. రెండో సీజన్ పని వేరే సంస్థ చేస్తే రంగుల తేడా కనిపెట్టారు. ఇంటి టీవీకి సరిపడా వెడల్పు ఎందుకు చేయలేదని కొందరు, చేసి ఉంటే పక్కన నిలబెట్టిన లైట్లు కనిపించేవి బాబూ అని కొందరు. ఈ పట్టింపుల్ని చాదస్తమని కొట్టిపారేయలేను. 'మాయాబజార్'కి 2010లో రంగులద్దినప్పుడు మన ఇళ్ళలోనూ వాదులాటలు జరిగాయి. ఆ నలుపు తెలుపుల వెన్నెల పోయిందని ఒకరు, పిల్లలు కుదురుగా కూర్చుని చూస్తున్నారు చాలదా అని ఒకరు.

ఈ విషయంలో నాకు నచ్చిన పరిష్కారం 2009లో వచ్చిన పాత స్టార్ ట్రెక్ బ్లూ-రే. 1966 నాటి బొమ్మ ఓడలు కావాలా, కొత్తగా కంప్యూటర్లో గీసిన ఓడలు కావాలా అన్నది రిమోట్ మీద ఒక మీటకు వదిలేశారు. రెండూ అదే డిస్కులో ఉన్నాయి. ఎవరి అభిప్రాయాన్నీ ఇంకొకరి అభిప్రాయం తుడిచేయలేదు.

మళ్ళీ ఫైర్‌ఫ్లైకి వస్తాను. డిస్కులు లక్షల్లో అమ్ముడయ్యాయి. ఒక సెట్టు తమకు ఉంచుకుని, ఇంకో సెట్టు కొని పరిచయస్థుల చేతుల్లో పెట్టేవాళ్ళు. ఓడిన పక్షం సైనికుల కోటు రంగు పేరే తమకు పెట్టుకుని 'బ్రౌన్‌కోట్స్' అయ్యారు. ఆ అమ్మకాలు చూసి యూనివర్సల్ స్టూడియో 'సెరెనిటీ' పేరుతో సినిమా తీయడానికి ముందుకొచ్చింది. ఛానెల్ చంపేసిన సీరియల్‌కి థియేటర్లో ప్రాణం పోయడం! 2005 మే నుంచి కొన్ని ఊళ్ళలో ముందస్తు ప్రదర్శనలు వేస్తే టిక్కెట్లు ఇట్టే అయిపోయాయి. ఇంకేం, మీటర్లు ఓడాయి, మనం గెలిచామనుకున్నారు అభిమానులు.

సెప్టెంబర్ 30న సినిమా అందరికీ విడుదలైంది. మొదటి వారాంతం వసూలు దాదాపు కోటి డాలర్లు. సుమారు 3.9 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి వచ్చింది 4 కోట్ల డాలర్ల చిల్లర. అందులో థియేటర్ల వాటా పోను మిగిలేది ఎంత? రెండో సినిమా రాలేదు. డిస్కు కొన్నవాళ్ళందరూ వచ్చారు, కొందరు రెండుమూడుసార్లు వచ్చారు. కొననివాళ్ళు రాలేదు. అంతకన్నా రహస్యం ఏమీ లేదు. 2007లో 'ఎస్‌ఎఫ్‌ఎక్స్' పత్రిక 3,000 మంది అభిమానులను అడిగితే అన్ని కాలాల్లోకీ గొప్ప సైన్స్ ఫిక్షన్ సినిమాగా 'స్టార్ వార్స్'ని తోసి దీన్ని నిలబెట్టారు. ఆ ప్రేమను నేను శంకించను. కాకపోతే మీటరు పెట్టిన 5,000 ఇళ్ళు ఎంత చిన్న కిటికీయో, ఓటేసిన 3,000 మందీ అంతే చిన్న కిటికీ. ఒకదాంట్లోంచి చూస్తే పట్టించుకోనివాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. ఇంకోదాంట్లో అస్సలు కనిపించరు.

డిస్కు కొన్నవాడి మాటలో ఇంకో లోటూ ఉంది. డబ్బు పెట్టి కొన్నది బాగోలేదని చెప్పుకోవడం ఎవరికైనా కష్టమే. పైగా ఫైర్‌ఫ్లైకి ఒక అదృష్టం పట్టింది. అది సగంలో ఆగిపోయింది. సాగదీసిన ఐదో సీజన్ దానికి లేదు, అందరినీ తిట్టించుకునే ముగింపు దానికి లేదు. 2009లో 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' ముగిసినప్పుడు నాలుగు సీజన్లు నెత్తిన పెట్టుకున్నవాళ్ళే రెండుగా చీలిపోయి కొట్టుకున్నారు. ఫైర్‌ఫ్లైకి తప్పు చేసేంత వ్యవధి దొరకలేదు. చిన్నవయసులో పోయినవాళ్ళ గురించి ఊళ్ళో చెడ్డమాట వినిపించదు.

అలాగని డిస్కు చూసేవాళ్ళంతా భజనపరులు అనుకోకూడదు. మళ్ళీ మళ్ళీ చూడటంలోనే కళ్ళు తెరుచుకుంటాయి. ఈ లోకంలో అమెరికా, చైనా నాగరికతలు కలిసిపోయాయన్నది కథలో ఒక ఊహ. అందుకే పాత్రలు కోపమొస్తే చైనా భాషలో తిట్టుకుంటారు. మొదటిసారి అది గమ్మత్తుగా ఉంటుంది. మూడోసారి చూస్తున్నప్పుడు అనిపిస్తుంది, తిట్లు ఇన్ని వినిపిస్తున్నాయి, చైనా మనుషులేరీ అని. ఓడలోని తొమ్మిదిమందిలో ఒక్కరూ లేరు. ఓడిపోయిన స్వేచ్ఛాప్రియులు, గెలిచిన కేంద్ర ప్రభుత్వం అన్న అమరికలో అమెరికా దక్షిణాది రాష్ట్రాల యుద్ధకథ నీడ ఉందని, ఆ యుద్ధానికి మూలమైన బానిసత్వాన్ని తీసి పక్కన పెట్టి ఓటమి విషాదాన్ని మాత్రం తెచ్చుకున్నారని ఇంకొందరు పట్టుకున్నారు. 2020, 2021ల్లో వీడన్‌తో పనిచేసిన నటులు అతని ప్రవర్తనపై బహిరంగంగా ఆరోపణలు చేశాక ఆ వ్యాఖ్యానాలు విడిచిపెట్టి చూసేవాళ్ళూ తయారయ్యారు. డిస్కు మీద ఒక్క ఫ్రేమూ మారలేదు. చూసేవాళ్ళు మారారు, చూడటం మారింది.

శుక్రవారం నాటి మాట శాశ్వతం కాదన్నది తెలుగువాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 'ఖలేజా', 'నేనొక్కడినే' థియేటర్లలో ఏం టాక్ తెచ్చుకున్నాయో, తర్వాత ఇళ్ళలో టీవీల ముందు ఏమయ్యాయో అందరికీ తెలుసు. మార్నింగ్ షో బయట మైకు ముందు చెప్పే మాట వేరు, ఏ ఆశా పెట్టుకోకుండా ఇంట్లో కాళ్ళు చాపుకుని చూసి చెప్పే మాట వేరు. రెండోది నిజమని, మొదటిది మూర్ఖత్వమని అనలేం. థియేటర్లో కూర్చున్నవాడు టిక్కెట్టు డబ్బు, హీరో మీద పెట్టుకున్న ఆశ కలిపి లెక్క చెప్పాడు. ఇంట్లో చూసినవాడికి ఆ రెండు పద్దులూ లేవు.

ఇప్పుడు డిస్కులు కొనేవాళ్ళు తగ్గిపోయారు. అన్నీ నెట్ మీదే. సౌకర్యమే. అయితే అక్కడ నిన్న చూసిందే ఇవాళా ఉందన్న హామీ లేదు. 2020లో 'ది మాండలోరియన్' రెండో సీజన్లో ఒక దృశ్యం వెనక జీన్స్ ప్యాంటు వేసుకున్న సెట్టు మనిషి ఒకరు పొరపాటున కనిపించారు. జనం నవ్వుకున్నారు. కొన్నాళ్ళకు చూస్తే ఆ మనిషి లేడు, చడీచప్పుడు లేకుండా చెరిపేశారు. చిన్న విషయమే. కానీ మొదటివారం చూసినవాడూ, తర్వాత చూసినవాడూ ఒకదాని గురించే మాట్లాడుతున్నారా? డిస్కు అలా జారిపోదు. దాని లోపాలు కూడా దానితోనే ఉంటాయి. 2007లో స్టీవెన్ స్వాన్సన్ అనే వ్యోమగామి అట్లాంటిస్ నౌకలో పోతూ ఫైర్‌ఫ్లై, సెరెనిటీ డిస్కులు వెంట తీసుకుపోయి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉంచి వచ్చాడు. అక్కడికి చేరిన ఆ డిస్కులోనూ వరస అదే, అవే 14.

నాకు డిస్కు మీద ఉన్న మమకారానికి కారణం ఇదే. డిస్కు చూసినవాడి మాట ఎక్కువ నిజమని కాదు, దాన్ని పరీక్షించవచ్చు. ఫలానా దృశ్యం చూడు అంటే ఆ దృశ్యం అక్కడే ఉంటుంది.

'హార్ట్ ఆఫ్ గోల్డ్' మొత్తం 14లోకీ బలహీనమైనదని నా అభిప్రాయం. ఊరి పెత్తందారు ఒక వేశ్యాగృహం మీద పడటం, మన ఓడవాళ్ళు తుపాకులు పట్టి కాపాడటం, పాత పశ్చిమ అమెరికా సినిమాల్లో పదిసార్లు చూసిందే. ఆ విలన్‌కి చెడ్డతనం తప్ప ఇంకో ముఖం లేదు. ఫాక్స్ దాన్ని వేయనే లేదు కాబట్టి నీల్సన్ లెక్కల్లో దానికి అంకె కూడా లేదు. బావ ఒప్పుకోరు. మొత్తం పెట్టె చూశాక ఆయన మాట మార్చుకున్నారు, ఇప్పుడు నాకన్నా గట్టి అభిమాని. ఆ భాగంలో ఓడలోని తొమ్మిదిమందిలో ఒకరైన ఇనారా, మాల్ తన స్నేహితురాలితో రాత్రి గడిపాడని తెలిసి, అతని ముందు నవ్వుతూ మాట్లాడి, తర్వాత ఒంటరిగా నేల మీద కూలబడి ఏడ్చే దృశ్యం ఒక్కటి చాలు అంటారు. "ఆ ఒక్క ఏడుపు కోసం మిగతా నలభై నిమిషాలు ఓర్చుకోవచ్చోయ్!" అని వాదన. ఓర్చుకోవాల్సి రావడమే నా ఫిర్యాదు అంటాను నేను.

ఫోన్లో ఈ తగాదా ఎన్నిసార్లు పడ్డామో లెక్కలేదు. ఆయన అక్కడ, నేను ఇక్కడ, చెరో పెట్టె. ఎవరూ తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు. ఆయన 2002లో చూసినదాన్ని పట్టుకుని మేం ఇలా పోట్లాడుకోవడానికే వీల్లేకపోయింది, ఆయన చూసిన సీరియల్ వేరు, నేను చూసింది వేరు. ఇప్పుడు ఒకే దాన్ని చూసి రెండు రకాలుగా అనుకుంటున్నాం. భిన్నాభిప్రాయం అన్న మాటకు అర్హత వచ్చింది ఇప్పుడే.